బజారు రోడ్డు తవ్వే ముందు దుకాణదారులు అడగాల్సినవి

మీరు అడిగింది నాకు అర్థమైనంతవరకు ఇదీ. హనుమకొండ చౌరస్తాకు దగ్గర్లో మీ నాన్నగారి కాలం నుంచి బట్టల దుకాణం ఉంది. మీ బజారు రోడ్డంతా తవ్వి కొత్త మోరీలు, మంచినీళ్ల పైపులు, భూమి లోపల కరెంటు కేబుళ్లు, పైన సీసీ రోడ్డు, ఫుట్‌పాత్ వేస్తామని వచ్చి మార్కింగ్ చేసిపోయారు. మూడు నెలల్లో అయిపోతుందని ఒకరు, ఏడాది పడుతుందని ఇంకొకరు అంటున్నారు. పని ఆపించాలని వర్తకులంతా వినతిపత్రం రాశారు. దాని మీద సంతకం పెట్టాలా వద్దా అన్నది మీ ప్రశ్న.

పెట్టకండి. ఆపమని రాసిన కాగితం ఎక్కువలో ఎక్కువ పనిని ఆర్నెల్లు వెనక్కి జరుపుతుంది. తర్వాత అదే పని, అదే కాంట్రాక్టరు, కాకపోతే ఈసారి మీ మాట వినే ఓపిక ఎవరికీ ఉండదు. ఎలా చేయాలో రాసివ్వండి, ఆ కాగితానికి బలం ఉంటుంది. నేను మున్సిపల్ ఇంజనీరింగ్‌లో ఏఈగా (అసిస్టెంట్ ఇంజనీరుగా) చేరి డీఈగా (డిప్యూటీ ఇంజనీరుగా) రిటైరయ్యాను. నా సర్వీసులో ఎక్కువ భాగం ఉత్తర తెలంగాణ పట్టణాల బజార్లలోనే గడిచింది. కాబట్టి నేను చెప్పేది టేబుల్‌కు అవతలి వైపు నుంచి వచ్చిన మాట అనుకోండి.

ముందు నా తప్పు ఒకటి చెప్తాను. కొత్తగా ఏఈ అయిన రోజులు. ఒక పట్టణం, పేరు అక్కర్లేదు. బంగారం కొట్లు, గాజుల దుకాణాలు, స్టీలు సామాన్ల షాపులు ఉన్న బజారులో మోరీ పని. కాంట్రాక్టరు జేసీబీని వారం రోజులకు కిరాయికి తెచ్చి, "సారూ, మిషన్ ఉన్నప్పుడే మొత్తం కొట్టేద్దాం, మళ్లీ మళ్లీ తేవాలంటే ఖర్చు" అన్నాడు. నాకూ సబబే అనిపించింది. నాలుగు రోజుల్లో రోడ్డుకు రెండు పక్కలా ఈ కొస నుంచి ఆ కొస దాకా గుంత పడింది. ఐదో రోజు నుంచి పని లేదు. స్టీలు రాలేదు. సెంట్రింగ్ వాళ్లు వేరే సైటులో ఉన్నారు. మధ్యలో పాత నీళ్ల పైపు అడ్డం వచ్చింది, దాన్ని జరపడానికి ఎస్టిమేట్‌లో డబ్బు లేదు. ఇంతలో వానలు మొదలై గుంతల్లో నీళ్లు నిలిచాయి, పక్కల మట్టి జారింది. గాజుల దుకాణం పెద్దమనిషి రోజూ నన్ను చూసి ఒకటే అడిగేవాడు: "సారూ, తవ్వుడు నాలుగు దినాలల్ల అయిపాయె. పూడ్సుడు ఎన్ని దినాలు?" ఆ ఏడు దసరా ఆ గుంతల మధ్యే గడిచింది. ఆయన ఆ తర్వాత మడిగె ఖాళీ చేసి వెళ్లిపోయాడు.

ఆ పనిలో చేతులు ఆడింది మహా అయితే నలభై రోజులు. మిగతా కాలమంతా గుంత ఉంది, మనిషి లేడు. నేను చూసిన ప్రతి బజారులోనూ గిరాకీ దెబ్బతిన్నది ఆ మిగతా కాలంలోనే. దుమ్మూ, చప్పుడూ ఉన్నా పని నడుస్తున్నదని కనిపిస్తే జనం పక్క నుంచి తోవ చేసుకుని వస్తారు. నెల రోజులుగా అదే గుంత, అదే మురికి నీళ్లు కనిపిస్తే ఇంకో బజారుకు అలవాటు పడతారు. అలా పోయిన గిరాకీ రోడ్డు అద్దంలా వేసినా వెంటనే తిరిగిరాదు.

అందుకే మీ కాగితంలో మొదటి మాట ఇలా ఉండాలి: ఒకసారికి అరవై, డెబ్బై మీటర్లకు మించి తవ్వకూడదు. ఆ ముక్కలో మోరీ కట్టి, పైపు వేసి, పూడ్చి, రోలర్ తిప్పి, మనుషులు నడిచేలా చేశాకే తర్వాతి ముక్క తెరవాలి. కాంట్రాక్టరుకు ఇది నచ్చదు. మిషన్ ఎక్కువసార్లు తేవాలి, మేస్త్రీల గుంపును అక్కడే ఉంచుకోవాలి. కానీ తవ్వకం బిల్లు ముందే రాకుండా, ముక్క పూర్తయ్యాకే ఎం-బుక్‌లో, అంటే బిల్లుకు ఆధారమైన కొలతల పుస్తకంలో, ఎక్కుతుందని తెలిస్తే దారికొస్తాడు. ఆ అధికారం ఇంజనీరు చేతిలో ఉంటుంది. అడిగేవాళ్లు ఉంటే వాడతాడు.

ఇక భూమి కింద సంగతి. నిజమైన ఆలస్యమంతా అక్కడే పుడుతుంది. పాత బజారు కింద ఏముందో చెప్పే సరైన మ్యాప్ మన పట్టణాల్లో ఏ ఆఫీసులోనూ పూర్తిగా దొరకదు. ఒకదాని మీద ఒకటి నీళ్ల పైపులు, చచ్చిపోయిన టెలిఫోన్ కేబుళ్లు, కొత్త ఫైబర్లు, ఎవరి ఇంటి నుంచో వచ్చే మురుగు గొట్టాలు ఉంటాయి. దీనికి మందు ట్రయల్ పిట్‌లు. అసలు పనికి నెల రోజుల ముందే రోడ్డుకు అడ్డంగా, చేత్తో, ఇరవై ముప్పై మీటర్లకు ఒక సన్నని గుంత తవ్వి చూసి, కొలతలు రాసుకుని, అదే రోజు పూడ్చేయాలి. ఆ గుంతల దగ్గర ముగ్గురు నిలబడాలి: వాటర్ లైన్‌మన్, కరెంటు లైన్‌మన్, మీ బజారులో అందరికన్నా పాత దుకాణదారు. చాలాసార్లు మూడో ఆయన చెప్పిందే కరెక్టవుతుంది. 2023 మార్చిలో కేంద్రం 'కాల్ బిఫోర్ యు డిగ్' అనే యాప్ తెచ్చింది. తవ్వేవాళ్లు అందులో ముందే నమోదు చేస్తే ఆ చోట కేబుళ్లున్న సంస్థలకు సమాచారం వెళ్తుంది. అందులో పెట్టారా అని అడగండి, అడిగినందుకు పోయేదేం లేదు.

ఇంకో ప్రశ్న తప్పకుండా వేయాలి. వరంగల్ నగరానికి భూగర్భ డ్రైనేజీ కోసం 2024లో రాష్ట్ర ప్రభుత్వం పరిపాలనా అనుమతి ఇచ్చింది. మీ బజారు మురుగు లైను ఇప్పటి పనిలో ఉందా? లేకపోతే ఇవాళ వేసిన సీసీ రోడ్డును రేపు ఆ పైపు కోసం కట్ చేస్తారు. తారు రోడ్డుకు అతుకు వేస్తే కొంతకాలానికి కలిసిపోతుంది. సీసీ రోడ్డు అతుకు మాత్రం ఎప్పటికీ అతుకే, బండి ఎక్కిన ప్రతిసారీ తెలుస్తుంది. మెయిన్ లైను ఎప్పుడొచ్చినా సరే, మీ ముక్క వరకు పైపూ చాంబర్లూ ఇప్పుడే వేసి మూతి బిగించి ఉంచమని పట్టుబట్టండి. అలాగే ప్రతి పాతిక ముప్పై మీటర్లకు రోడ్డుకు అడ్డంగా ఒక ఖాళీ పీవీసీ గొట్టం వేయించండి. దాని ఖర్చు పెద్దగా ఉండదు. రేపు ఇంటర్నెట్ వాడొచ్చినా, ఎదురు షాపుకు కొత్త నల్లా కావాలన్నా రోడ్డు పగలగొట్టకుండా అందులోంచి లాగొచ్చు.

మోరీని ఎటు నుంచి మొదలుపెడుతున్నారో చూడండి. దిగువ నుంచి పైకి రావాలి. మన నగరంలో వాన నీళ్లు చివరికి నయీంనగర్ నాలాకో, బొందివాగుకో, ఏదో ఒక చెరువుకో చేరాల్సిందే. 2020 ఆగస్టులో, మళ్లీ 2023 జూలైలో కాలనీలు ఎలా మునిగాయో మీరే చూశారు. మీ బజారు మోరీ ఎంత వెడల్పుగా కట్టినా, అది కలిసే చోట పాత సన్న మోరీయే ఉంటే నీళ్లు వెనక్కి తన్ని మీ దుకాణంలోకి వస్తాయి. "ఈ మోరీ ఎక్కడ కలుస్తుంది, అక్కడి లెవెల్ ఎంత" అని ఒక్కసారి ఏఈని అడిగి, వీలైతే ఆయనతో పాటు ఆ చోటిదాకా నడిచి చూడండి.

లెవెల్ మాట వచ్చింది కాబట్టి ఇక్కడ కొంచెం ఆగుతాను. బజారు జనం దుమ్ము గురించి, పార్కింగ్ గురించి గొడవ చేస్తారు గానీ దీని గురించి అడగరు. పాత రోడ్డు మీద ఏళ్ల తరబడి పొర మీద పొర తారు వేశారు. ఆ పొరలన్నీ తీసి, లోతుగా బాక్స్ కటింగ్ చేసి, కింది నుంచి కంకర పరుచుకుంటూ రావాలి. దానికి మిషన్, టిప్పర్లు, తీసిన మట్టిని పారబోయడానికి చోటు కావాలి. వాటికి బదులు ఉన్న తారు మీదే ఎనిమిది అంగుళాల కాంక్రీటు పోస్తే పని తొందరగా అయిపోతుంది. అప్పుడు మీ గడప రోడ్డు కన్నా కిందికి పోతుంది. ఆ తర్వాత ప్రతి వానకూ ఇసుక బస్తాలు పేర్చుకుంటూ బతకాలి. పని మొదలు కాకముందే ప్రతి దుకాణం షట్టర్ పక్క గోడ మీద కొత్త రోడ్డు పైమట్టం ఎక్కడికి వస్తుందో పెయింటుతో గీత పెట్టించండి. గీత, గడప, మీ దుకాణం బోర్డు కలిపి ఒక ఫొటో తీసి పెట్టుకోండి. కాంక్రీటు పోసే రోజు ఆ గీత దాటుతున్నదనిపిస్తే అప్పుడే ఆపించాలి, ఆరిపోయాక ఎవరూ ఏమీ చేయలేరు.

సీసీ రోడ్డు పోశాక ఎన్ని రోజులకు బండ్లు వదలొచ్చని మీరు అడిగారు. కాంక్రీటు పూర్తి బలానికి లెక్క 28 రోజులు. ఏడు రోజులకు అందులో మూడింట రెండు వంతుల వరకే వస్తుంది. కనీసం రెండు వారాలు గోనె సంచులు పరిచి తడిగా ఉంచాలి. మనుషులు నడవడానికి మాత్రం ఒకటి రెండు రోజులు చాలు. "మా గిరాకీ పోతున్నది, వారానికే బండ్లు వదలండి" అని ఒత్తిడి చేసేది చాలాసార్లు వర్తకులే. నీళ్ల ట్యాంకర్, సామాన్ల లారీ ఎక్కి పచ్చి స్లాబ్ పగిలితే నష్టం మళ్లీ వాళ్లకే. ఎండాకాలం ఇంకో తంటా. పోసేటప్పుడు కాంక్రీటు వేడి 30 డిగ్రీలు దాటకూడదని రోడ్ల నిబంధన. మే నెలలో మన దగ్గర గాలే నలభై దాటుతుంది. కాబట్టి వేసవిలో పగలు పోయనీయకండి, సాయంత్రం చల్లబడ్డాక మొదలుపెట్టమనండి. స్లాబ్ మీద వరుసగా కోతలు పెట్టే జాయింట్ కటింగ్ మిషన్ సైటులో ఉందో లేదో పోసే ముందే చూసుకోండి. మర్నాడు తెస్తామంటే స్లాబ్ తనకు ఇష్టమొచ్చిన చోట తనే పగుళ్లు పెట్టుకుంటుంది.

దారి విషయం. గుంత మీద రెండు సెంట్రింగ్ చెక్కలు పడేసి దారి ఇచ్చామంటారు. చంటిబిడ్డను ఎత్తుకున్న తల్లి చీర కుచ్చిళ్లు సర్దుకుంటూ, కిందికి చూడకుండా దాటగలిగితే నేను దాన్ని దారి అంటాను. నాలుగడుగుల వెడల్పు గరుకు ఇనుప ప్లేటు, రెండు వైపులా పట్టుకోవడానికి పైపు, రాత్రి ఒక లైటు ఉండాలి. బట్టల దుకాణానికి పెళ్లి బేరం అంటే పదిమంది కలిసి వస్తారు, అందులో ఒక ముసలమ్మ తప్పకుండా ఉంటుంది. ఆమె దాటలేకపోతే పదిమందీ వెనక్కే. ఇంకోటి, నిలువెత్తు రేకులు కట్టనీయకండి. వాటి వెనక దుకాణం తెరిచి ఉందో మూసి ఉందో తెలియదు. నడుం ఎత్తు బారికేడ్, దానికి పచ్చ నెట్ చాలు. బజారు రెండు కొసల్లోనూ "దుకాణాలన్నీ తెరిచే ఉన్నాయి, దారి ఇటు" అని బాణం గుర్తుతో బ్యానర్ పెట్టండి. ఆ ఖర్చు ఆఫీసు మీద పెట్టకుండా మీరే పెట్టుకోండి, తొందరగా అవుతుంది.

ఏ నెలలో మొదలుపెట్టాలి? మన బజార్లకు ఖాళీ నెల అంటూ లేదు. ఎంగిలిపూల బతుకమ్మకు వేయిస్తంభాల గుడి దగ్గర ఇసుకేస్తే రాలదు. దసరా, దీపావళి, రంజాన్, మాఘం, శ్రావణం పెళ్లిళ్లు ఉన్నాయి. పెళ్లిళ్లు లేవనుకునే ఆషాఢంలో మీకు డిస్కౌంట్ సేల్ ఉంటుంది. రెండేళ్లకోసారి మేడారం జాతర వస్తే హనుమకొండ బస్టాండు చుట్టూ ఉన్న రోడ్లన్నీ దానికే. నేనైతే ఇలా అడుగుతాను. దీపావళి తర్వాత మార్కింగ్, ట్రయల్ పిట్‌లు, పైపులూ స్టీలూ తెచ్చి పెట్టుకోవడం. శివరాత్రి దాటాక తవ్వకం. మృగశిర కార్తె లోపల మోరీలు, పైపులు మొత్తం పూర్తి. పడినంత సీసీ పడుతుంది, మిగిలిన చోట కంకర గట్టిగా రోల్ చేసి వదలాలి. బతుకమ్మ నుంచి దీపావళి దాకా బజారులో ఒక్క గుంత కూడా తెరిచి ఉండకూడదు. ఆ తర్వాత మిగతా సీసీ, ఫుట్‌పాత్. అంటే రెండు విడతలు, తవ్వకం మొదలైనప్పటి నుంచి ఏడాదికి కొంచెం అటూ ఇటూ. మూడు నెలల్లో అయిపోతుందన్నవాళ్లు పైన పడే సీసీనే లెక్క వేసినట్టున్నారు. అన్నట్టు మీ ముక్క వేయిస్తంభాల గుడికి దగ్గరైతే ఇంకో సంగతి ఉంది. రక్షిత కట్టడం నుంచి 100 మీటర్లు నిషేధిత ప్రాంతం, ఆపై 200 మీటర్లు నియంత్రిత ప్రాంతం. పురావస్తు శాఖ వాళ్లతో ముందే మాట్లాడారా అని అడగండి, లేకపోతే తవ్వాక పని మధ్యలో ఆగుతుంది.

మోరీ మీద మీరు కట్టుకున్న మెట్లు, ముందుకు దించిన రేకుల షెడ్డు పోతాయి. దాని గురించి పోట్లాడి లాభం లేదు. మార్కింగ్ ఎక్కడిదాకా ఉందో చూసుకుని, మీరే మనిషిని పెట్టి నీటుగా తీయించుకుంటే షట్టర్, టైల్స్ మిగులుతాయి. జేసీబీ తీస్తే గోడ కూడా అదురుతుంది. సొంత పట్టా జాగా పోతుంటే అది వేరే కథ. నష్టపరిహారమో, టీడీఆరో (పోయిన జాగాకు బదులుగా ఇచ్చే నిర్మాణ హక్కు) కాగితం మీదకు రాకుండా ఖాళీ చేయొద్దు.

తోపుడు బండ్ల వాళ్లను ఈ పని సాకుతో పంపించేయాలని మీ సంఘంలో కొందరు అంటున్నారని రాశారు. అది తప్పు, పైగా తెలివితక్కువ పని. 2014 వీధి వ్యాపారుల చట్టం ప్రకారం వాళ్లను జరపాలంటే 30 రోజుల నోటీసు ఇవ్వాలి. వాళ్ల విషయాలు చూసే టౌన్ వెండింగ్ కమిటీలో కనీసం 40 శాతం మంది వాళ్లే ఉండాలి. చట్టం సంగతి అలా ఉంచినా, పూలు, పళ్లు, గాజులు కొనడానికి వచ్చిన ఆడవాళ్లే మీ దుకాణం మెట్లెక్కేది. పని జరిగినన్నాళ్లూ వాళ్లకు పక్క గల్లీలో చోటు చూపించమని, ఫుట్‌పాత్ డిజైన్‌లో వాళ్ల జాగా గీయమని మీరే అడగండి. నడవడానికి అడ్డంకుల్లేకుండా కనీసం 1.8 మీటర్లు వదలాలని ఇండియన్ రోడ్స్ కాంగ్రెస్ ప్రమాణం. ఆ పైన మిగిలిందే బండ్లకు.

పార్కింగ్ తీసేస్తే వ్యాపారం చస్తుందన్న భయం పూర్తిగా అబద్ధం కాదు, పూర్తిగా నిజం కూడా కాదు. ఢిల్లీ చాందినీ చౌక్‌లో ఎర్రకోట నుంచి ఫతేపురి మసీదు దాకా 1.3 కిలోమీటర్ల ముక్కను 2018 డిసెంబరులో మొదలుపెట్టి 2021 సెప్టెంబరులో తెరిచారు. మధ్యలో కరోనా వచ్చింది. ఇప్పుడు పొద్దున 9 నుంచి రాత్రి 9 దాకా అక్కడ మోటారు బండ్లు నిషేధం. కానీ ఆ ఊరికి మెట్రో ఉంది. మన గిరాకీ హసన్‌పర్తి నుంచి, ధర్మసాగర్ నుంచి టూవీలర్ మీద వస్తుంది. బండి పెట్టే చోటు చూపించకుండా రోడ్డు మీద నిషేధం పెడితే నష్టం ఖాయం. దగ్గర్లోని ఏదైనా ఖాళీ జాగాలో పని జరిగినన్నాళ్లూ తాత్కాలిక పార్కింగ్ ఇవ్వమని కార్పొరేషన్‌నూ, ట్రాఫిక్ పోలీసులనూ కలిపి ఒకే మీటింగ్‌లో అడగండి. విడివిడిగా కలిస్తే ఒకరి మీద ఒకరు చెప్పుకుంటారు.

దుకాణం లోపలి సంగతి మీకు నా కన్నా బాగా తెలుసు. నేను చూసినవి రెండు మూడు చెప్తాను. నిలదొక్కుకున్నవాళ్లు తవ్వకం మొదలవకముందే పాత గిరాకీల ఫోన్ నంబర్లు రాసిపెట్టుకుని, వాట్సాప్‌లో చీరల ఫొటోలు పంపి, ఇంటికి చేర్చారు. సీజన్ సరుకు సగమే తెచ్చారు. బ్యాంకులో లిమిట్ పెంచమని ముందే అడిగారు, ఎందుకంటే అమ్మకాలు పడిపోయాక అడిగితే బ్యాంకువాళ్లు ఆ పడిపోయిన లెక్కలే చూస్తారు. కిరాయి మడిగె అయితే ఓనరుతో ఇప్పుడే మాట్లాడి, తగ్గించేది ఎన్ని నెలలకో కాగితం మీద రాయించుకోండి. గుమ్మానికి ప్లాస్టిక్ స్ట్రిప్ కర్టెన్ కట్టండి, తెల్ల బట్టలను లోపలి అరల్లోకి మార్చండి. రోజుకు మూడుసార్లు నీళ్లు చల్లడం కాంట్రాక్టరు పని, వాట్సాప్ గ్రూపులో టైముతో ఫొటో పడకపోతే చల్లనట్టే లెక్క.

కాగితాల విషయానికొస్తే, పని పేరు, అంచనా విలువ, కాంట్రాక్టరు పేరు, మొదలూ ముగింపు తేదీలతో సైటు దగ్గర బోర్డు ఉండాలి. లేకపోతే పెట్టమనండి. ఎస్టిమేట్, డ్రాయింగ్, అగ్రిమెంట్ కాపీల కోసం సమాచార హక్కు కింద ఇవాళే దరఖాస్తు ఇవ్వండి, 30 రోజుల్లో జవాబు ఇవ్వాలి. డిఫెక్ట్ లయబిలిటీ ఎన్నేళ్లో అగ్రిమెంట్‌లోనే ఉంటుంది, ఆ గడువులో పగుళ్లొస్తే బాగుచేయాల్సింది కాంట్రాక్టరే. ఏఈతో పని కాకపోతే అధికారులు నేరుగా ఫిర్యాదులు తీసుకునే సోమవారం ప్రజావాణి ఉంది. అక్కడికి గుంపుగా వెళ్లి అరవడం కన్నా ఇద్దరు వెళ్లి, ఫలానా తారీకు నుంచి ఫలానా తారీకు దాకా ఫలానా గుంతలో మనిషి లేడని తేదీలున్న ఫొటోలు పెట్టండి. నా సర్వీసులో నన్ను నిజంగా ఇబ్బంది పెట్టినవి అలాంటి కాగితాలే.

ఒకటి మీరు రాయలేదు. బజారు వెడల్పు ఎంత, వెనక వైపు గల్లీ నుంచి సామాను దించుకునే దారి ఉందా? ముప్పై అడుగుల లోపు రోడ్డయితే సగం మూసి సగం నడిపించడం నాకు ఇష్టం లేదు. అక్కడ మిషనూ సరిగా తిరగదు, బండ్లూ పోవు, పని రెండింతలు సాగుతుంది. బండ్లను పూర్తిగా ఆపి, నడిచే దారి మాత్రం తెరిచి ఉంచడం మేలు. నలభై అడుగులు దాటితే సగం సగం చేయొచ్చు. కొలిచి చెప్పండి, మీ ముక్కకు ఏది సరిపోతుందో చూద్దాం.